బండిల్‌ఙన్ (విండ్జానా) గండి: నదీతీర నడకదారి, ప్రకృతి, బునుబా వారసత్వం

బండిల్‌ఙన్ గండి పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఉత్తర భాగాన ఉన్న కింబర్లీ ప్రాంతంలో, లెనార్డ్ నది నేపియర్ కొండల వరుసను అడ్డంగా కోసుకుని పారేచోట ఏర్పడిన సున్నపురాతి గండి. వలస పాలన కాలం నుంచి దీనికి విండ్జానా అనే పేరు వాడుకలో ఉండగా, ఈ నేలకు సంప్రదాయ హక్కుదారులైన బునుబా ప్రజలు పిలిచే బండిల్‌ఙన్ అనే పేరునే ఇప్పుడు జాతీయోద్యానానికి మొదట రాస్తున్నారు. గండి పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఇరువైపులా ఉన్న రాతిగోడలు కొన్నిచోట్ల 30 మీటర్లు, మరికొన్నిచోట్ల 100 మీటర్ల ఎత్తు వరకు నిట్టనిలువుగా లేస్తాయి. నది అంచునే సాగే నడకదారి పోనురాను కలిపి దాదాపు 7 కిలోమీటర్లు ఉంటుంది. ఎక్కుడు దిగుడులు పెద్దగా లేని ఈ దారిని సాధారణ ఆరోగ్యవంతులు మూడు గంటల్లో నింపాదిగా నడిచి రాగలరు. ప్రాచీన సముద్రపు అవశేషాలు, మంచినీటి మొసళ్లు, నలభై వేల ఏళ్లకు మించిన మానవ నివాసపు ఆధారాలు, పందొమ్మిదో శతాబ్దపు ఆదివాసీ ప్రతిఘటన చరిత్ర ఒకే చోట కలిసి ఉండటం దీని విశిష్టత. ఇవి వేర్వేరు విషయాలుగా పైకి కనిపించినా, వీటన్నిటికీ మూలం ఈ సున్నపురాతి స్వభావంలోనే ఉంది.

ఉనికి, నది

డెర్బీ పట్టణానికి తూర్పున దాదాపు 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గండికి, గిబ్ నది రోడ్డు మీద కొంత దూరం వెళ్లి, అక్కడ నుంచి మట్టిరోడ్డుకు మళ్లి చేరుకోవాలి. లెనార్డ్ నది వునామిన్ మిలివుండి కొండల్లో పుడుతుంది. ఈ కొండలకు ఒకప్పుడు బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ పేరు ఉండేది. కాంగోలో అతడి పాలన సాగించిన అకృత్యాల దృష్ట్యా 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆ పేరును తొలగించి స్థానిక భాషల పేరును ఖాయం చేసింది. కొండలు దిగిన నది నేపియర్ వరుసను చీల్చుకుని మైదానంలోకి ప్రవేశించి, దిగువన మేడా నది అనే పేరుతో కింగ్ సౌండ్ అనే సముద్రపు పాయలో కలుస్తుంది.

కింబర్లీలో ఏడాది స్థూలంగా రెండు కాలాలుగా నడుస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానకాలం, మే నుంచి అక్టోబరు వరకు ఎండుకాలం. ఏడాది వానలో అత్యధిక భాగం మొదటి కాలంలోనే కురుస్తుంది కాబట్టి అప్పుడు నది గండి అడుగునంతా ఆక్రమించి ఉధృతంగా పారుతుంది, మట్టిరోడ్లు మూతపడతాయి. ఎండుకాలం ముదిరేకొద్దీ ప్రవాహం ఆగిపోయి, గోడల నీడన మడుగులు మాత్రం మిగులుతాయి. నడకదారి, మొసళ్ల జీవితం, పూర్వకాలపు మానవ సంచారం అన్నీ ఈ మడుగులనే ఆధారం చేసుకుని సాగుతూ వచ్చాయి.

శిలల పుట్టుక

నేపియర్ కొండల సున్నపురాయి డెవోనియన్ యుగానికి చెందినది. ఆ యుగపు చివరి భాగంలో, సుమారు 38 కోట్ల నుంచి 36 కోట్ల సంవత్సరాల క్రితం వరకు, ఇప్పటి కింబర్లీ పీఠభూమి ఒక భూభాగంగా ఉండగా, దాని దక్షిణపు అంచును వెచ్చని నిస్సార సముద్రం తాకుతూ ఉండేది. ఆ తీరం వెంట జీవులే కట్టిన రాతి గట్టు పెరిగింది. ఇలా జీవుల అవశేషాలు ఒకదానిపై ఒకటి పేరుకుని నీటి అలలను తట్టుకునేంత గట్టిపడి ఏర్పడే నిర్మాణాన్ని రీఫ్ అంటారు. నేటి రీఫ్‌లను ప్రధానంగా పగడాలు కడతాయి. డెవోనియన్ రీఫ్ కట్టడంలో పగడాల పాత్ర తక్కువ. స్ట్రొమాటోపొరాయిడ్లు అనే, ఇప్పుడు అంతరించిన ఒక రకం స్పంజికలు, సున్నాన్ని స్రవించే సూక్ష్మజీవులు ఆ పని చేశాయి. సుమారు 37 కోట్ల 20 లక్షల సంవత్సరాల క్రితం సంభవించిన సామూహిక విలుప్తిలో స్ట్రొమాటోపొరాయిడ్లు చాలావరకు నశించాక, గట్టును కట్టే పనిని ఎక్కువగా సూక్ష్మజీవులే కొనసాగించాయి. ఆ మార్పు నేపియర్ రాళ్లలో పొరలుగా నమోదై ఉంది.

కాలక్రమంలో సముద్రం వెనక్కి తగ్గింది, గట్టు ఇతర అవక్షేపాల కింద పూడిపోయింది. తర్వాతి యుగాల్లో మెత్తటి పైపొరలు కోతకు గురై కొట్టుకుపోగా, గట్టి సున్నపురాయి మళ్లీ బయటపడి నేపియర్, ఆస్కార్, గీకీ కొండల వరుసలుగా నిలిచింది. అందువల్ల ఈనాడు మైదానం నుంచి చూసేవారికి కనిపించే కొండ అంచు స్థూలంగా అప్పటి సముద్రగర్భంలోని గట్టు అంచే. ఇంత స్పష్టంగా, ఇంత పొడవున ప్రాచీన రీఫ్ బయటపడి ఉన్న ప్రదేశాలు ప్రపంచంలో అరుదు. ఫిలిప్ ప్లేఫర్డ్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఈ వరుసలను సర్వే చేసి, దీని నిర్మాణాన్ని ప్రపంచానికి వివరించాడు.

గండి గోడల్లో భూవిజ్ఞానులు 'క్లాసిక్ ఫేస్' అని పిలిచే ఒక నిలువు ముఖం ఉంది. ఒకవైపు గట్టు వెనుకనున్న ప్రశాంత జలాల్లో పేరుకున్న పొరలు అడ్డంగా, సమంగా పరచుకుని ఉంటాయి. మధ్యన పొరలే తెలియని దిట్టమైన రాయి, అంటే రీఫ్ అంచు, కనిపిస్తుంది. దాని అవతల లోతు సముద్రం వైపు జారిపడిన శకలాల పొరలు ఏటవాలుగా దిగుతాయి. పాఠ్యపుస్తకంలో గీసి చూపే రీఫ్ అడ్డకోత ఇక్కడ రాతిలోనే చదువుకోవచ్చు.

ఇదే రీఫ్ సముదాయానికి చెందిన గోగో శిలాజ క్షేత్రం ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ పట్టణ సమీపంలో ఉంది. అక్కడి సున్నపు గుండ్లలో చేపల అస్థిపంజరాలు నలగకుండా త్రిమితీయ రూపంలోనే భద్రంగా నిలిచాయి. కడుపులో పిండంతో, బొడ్డుతాడుతో సహా దొరికిన ఒక కవచ మత్స్యానికి 2008లో శాస్త్రజ్ఞులు 'మాటెర్‌పిసిస్' అని నామకరణం చేశారు. వెన్నెముక గల జంతువులు పిల్లల్ని కన్నట్టు తెలిపే అతి ప్రాచీన ఆధారాల్లో అది ఒకటి.

సున్నపురాయికి గల రసాయన గుణం గండి రూపాన్ని తీర్చింది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లంగా మారి ఈ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అందువల్ల కొండ పైభాగం కత్తుల్లాంటి అంచులతో, లోతైన గాళ్లతో ఉంటుంది; లోపల గుహలు, సొరంగాలు, నెర్రెలు ఏర్పడతాయి. బయటి గోడల బూడిద, నలుపు వన్నెలు రాతి మీద పెరిగే సూక్ష్మజీవుల పొర వల్ల వచ్చినవి. కొత్తగా విరిగిన చోట రాయి తెల్లగానో, ఇనుము చేరిన చోట ఎర్రగానో ఉంటుంది.

నడకదారి

దారి మొదట్లోనే సందర్శకులు కొండ గోడలోని ఒక ఇరుకైన నెర్రె గుండా లోపలికి దాటవలసి ఉంటుంది. అది దాటగానే నది ఒడ్డు, ఇసుక మేట, ఎదురుగా రెండో గోడ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అక్కడి నుంచి దారి నది పక్కనే చెట్ల నీడలో సాగుతుంది. నేల చాలాచోట్ల ఇసుక కావడం వల్ల అడుగు కొంత బరువుగా పడుతుంది. అంతకుమించిన కష్టం ఉండదు. ప్రవేశం దగ్గరలో రీఫ్ చరిత్రను వివరించే 'టైమ్ వాక్' అనే చిన్న దారి కూడా ఉంది. గోడల్లోని శిలాజాలను చూసి గుర్తుపట్టడానికి పెద్ద నడకకు ముందు దీన్ని చూడటం మేలు.

వృక్షజాలం

బయటి మైదానం పొడి గడ్డి భూమి కాగా, గండి లోపల ఏడాది పొడవునా నేలలో తేమ నిలిచి ఉండటం వల్ల పచ్చని చెట్ల పట్టీ ఏర్పడింది. పొరలు పొరలుగా కాగితంలా ఊడే బెరడు గల మెలలూకా చెట్లు, నది యూకలిప్టస్‌లు, అత్తి జాతి చెట్లు, మొగలి జాతికి చెందిన పాండానస్ పొదలు ఇందులో ముఖ్యమైనవి. ఇక్కడే పెరిగే లైకార్ట్ వృక్షం తెలుగువారు ఎరిగిన కడిమి చెట్టు కుటుంబానిదే; దాని పూలు కూడా గుండ్రని బంతుల్లా ఉంటాయి. అత్తి చెట్ల వేళ్లు నిలువు గోడల నెర్రెల్లోకి చొరబడి నీటిని వెతుక్కుంటూ పది మీటర్లకు పైగా దిగడం గోడల మీద కనిపిస్తుంది.

గండి బయట మైదానంలో బోఅబ్ చెట్లు ఉంటాయి. సీసా ఆకారంలో ఉబ్బిన మొదలు గల ఈ చెట్టు కింబర్లీలోను, పక్కనున్న నార్తర్న్ టెరిటరీలో కొంతమేరకు మాత్రమే సహజంగా పెరుగుతుంది. హైదరాబాదులో గోల్కొండ కోటలోని నయా ఖిలాలో 'హాతియాన్ కా ఝాడ్' పేరుతో ప్రసిద్ధమైన మహావృక్షం ఇదే ప్రజాతికి చెందిన ఆఫ్రికా జాతి. బోఅబ్ కాయలోని గుజ్జును ఆదివాసులు ఆహారంగా వాడుకున్నారు. కాయ పెంకుపై బొమ్మలు చెక్కే కళ ఇప్పటికీ జీవించి ఉంది. డెర్బీ దగ్గరి ఒక బోఅబ్ చెట్టు తొర్రలో ఆదివాసీ ఖైదీలను బంధించి ఉంచేవారన్న కథ పర్యాటక సాహిత్యంలో విస్తృతంగా ప్రచారంలో ఉంది గానీ, ఆ చెట్టును చెరగా వాడినట్టు ఆధారాలు లేవని పరిశోధకులు తేల్చారు. ఆ చెట్టు ఆదివాసులకు పవిత్ర స్థలం కావడం మాత్రం నిజం.

జంతుజాలం: మంచినీటి మొసలి, చెరకు కప్ప

ఎండుకాలంలో గండికి వచ్చేవారిని ఎక్కువగా ఆకర్షించేవి మంచినీటి మొసళ్లు. ఉత్తర ఆస్ట్రేలియాలో మాత్రమే ఉండే ఈ జాతి, సముద్ర తీరాల్లో సంచరించే ఉప్పునీటి మొసలి కంటే చాలా చిన్నది. మగవి అరుదుగా మూడు మీటర్ల పొడవుకు చేరతాయి, ఆడవి అంతకంటే చిన్నవి. మూతి సన్నగా, పొడవుగా ఉండి చేపలను, కీటకాలను, కప్పలను, నీటి మీదికి వాలే చిన్న జంతువులను పట్టడానికి అనువుగా ఉంటుంది. మడుగులు కుంచించుకుపోయేకొద్దీ మొసళ్లు పదుల సంఖ్యలో ఒకేచోట చేరి, ఉదయం వేళ ఇసుక ఒడ్డున ఎండ కాచుకుంటూ, మిగతా సమయంలో కళ్లు, ముక్కు కొన మాత్రం నీటి పైన ఉంచి కదలకుండా ఉంటాయి. ఉప్పునీటి మొసలి ఆకులు, గడ్డి కుప్ప పోసి గూడు కడితే, మంచినీటి మొసలి ఎండుకాలం చివర ఇసుక ఒడ్డున గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. వానలు మొదలయ్యే వేళకు పిల్లలు బయటికి వస్తాయి. గుడ్లలో పెద్ద భాగం ఉడుముల పాలవుతుంది. రెచ్చగొడితే తప్ప ఇవి మనిషి జోలికి రావు. అయినా కరిస్తే గాయం తీవ్రంగానే ఉంటుంది కాబట్టి ఒడ్డున ఉన్న వాటికి, నీటికి మధ్య అడ్డుగా నిలబడరాదు.

ఈ మొసళ్లకు ఇటీవలి కాలంలో వచ్చిన పెద్ద ముప్పు చెరకు కప్ప. చెరకు పంటను తినే పురుగులను అదుపు చేయడానికి 1935లో క్వీన్స్‌లాండ్‌లో వదిలిన ఈ అమెరికా ఖండపు కప్ప పురుగులను అదుపు చేయకపోగా, ఏడాదికేడాది పడమటికి పాకి 2009లో పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు దాటింది. దాని భుజాల మీది గ్రంథుల్లో ఉండే విషం, అటువంటి కప్పలను ఎన్నడూ ఎరుగని స్థానిక జంతువుల గుండెను దెబ్బతీస్తుంది. ఎండుకాలం చివర ఆహారం కరువైన మొసళ్లు, నీటి కోసం ఒడ్డుకు చేరే ఈ కప్పలను తిని కుప్పలుగా చనిపోయాయి. దీనికి విరుగుడుగా బునుబా రేంజర్లు, రాష్ట్ర వన్యప్రాణి సిబ్బంది, మక్వారీ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి 2019 నుంచి 2022 వరకు కింబర్లీ గండుల్లో ఒక ప్రయోగం చేశారు. చచ్చిన కప్పల నుంచి విషం ఉండే భాగాలు తీసివేసి, ప్రాణహాని కలిగించకుండా వికారం మాత్రం పుట్టించే రసాయనాన్ని ఎక్కించి, మొసళ్లకు అందేలా ఒడ్డున పెట్టారు. ఒకసారి తిని వాంతి చేసుకున్న మొసలి ఆ తర్వాత ఆ కప్పను ముట్టడం మానేసింది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం ఎర పెట్టిన చోట్ల మొసళ్ల మరణాలు 95 శాతం తగ్గాయి.

గండిలోని ఇతర జీవుల్లో గుంపులుగా అరుస్తూ ఎగిరే తెల్ల కొరెల్లా చిలుకలు, పగలంతా చెట్లకు వేలాడే పెద్ద నల్ల గబ్బిలాలు, రాళ్ల మీద చురుగ్గా గెంతే చిన్న వాలబీలు, నోటితో నీటిచుక్కలు చిమ్మి ఆకుల మీది పురుగులను పడగొట్టే ఆర్చర్ చేపలు పేర్కొనదగినవి.

బునుబా ప్రజలు, ప్రాచీన నివాసం

గండి, దాని పరిసరాలు బునుబా ప్రజల భూమి. వీరి భాష పక్కనున్న గూనియాండి భాషతో కలిసి ఒక చిన్న కుటుంబంగా ఏర్పడింది. ఆస్ట్రేలియాలో అత్యధిక భూభాగానికి వ్యాపించిన పామా-న్యుంగన్ భాషా కుటుంబంలో ఇది చేరదు. ఈ భాషను నిలబెట్టడానికి కృషి చేసిన బునుబా మహిళ జూన్ ఆస్కార్ 2017లో ఆస్ట్రేలియా ఆదివాసుల సామాజిక న్యాయ కమిషనర్‌గా నియమితురాలైంది. కొండలు, నీటి మడుగులు, జంతువులు, మనుషులు, వాటి మధ్య పాటించవలసిన నియమాలు సృష్టి కాలంలోనే ఏర్పడ్డాయని బునుబా సంప్రదాయం చెబుతుంది. ఏ మడుగు ఎవరి బాధ్యత, ఎక్కడికి ఎవరు వెళ్లవచ్చు, ఏ కథ ఎవరు చెప్పవచ్చు అన్నవి ఈ నియమాల్లో భాగం. ఈ కారణంగా అందరికీ తెరిచిన నడకదారి వేరు, అనుమతి ఉన్నవారికే పరిమితమైన స్థలాలు వేరు.

కొండ గోడల్లోని గుహలు మనుషులకు నీడను, దిగువ మడుగులు నీటిని, ఆహారాన్ని ఇచ్చాయి. గండికి సమీపంలోనే నేపియర్ వరుసలో ఉన్న కార్పెంటర్స్ గ్యాప్ అనే రాతి ఆశ్రయంలో పురావస్తు శాస్త్రవేత్త సూ ఓ'కానర్ 1990ల్లో తవ్వకాలు జరిపింది. పొడి సున్నపు గుహ కావడం వల్ల సాధారణంగా కుళ్లిపోయే గింజలు, మొక్కల శేషాలు కూడా అక్కడ దొరికాయి. ఆ తవ్వకాల్లో బయటపడిన గోరంత బసాల్ట్ రాతిముక్క ఒకదాన్ని తర్వాత సూక్ష్మదర్శిని కింద పరీక్షించగా, అది అంచును అరగదీసి నున్నగా పదునుపెట్టిన గొడ్డలి నుంచి ఊడిపడినదని తేలింది. 2016లో ప్రకటించిన వివరాల ప్రకారం దాని వయసు 44,000 నుంచి 49,000 సంవత్సరాలు. అంచు అరగదీసిన గొడ్డలి ప్రపంచంలో అంతకు ముందెక్కడా అంత పాతది దొరకలేదు. కంగారూ జాతి జంతువు కాలి ఎముకతో చేసి, జేగురు అంటిన 46,000 ఏళ్లకు పైబడిన ఒక మొన కూడా ఇక్కడే లభించింది. అది ముక్కుకు ధరించే ఆభరణం కావచ్చునని పరిశోధకులు భావించారు. దాదాపు 40,000 ఏళ్ల నాటి పొరలో దొరికిన జేగురు పూసిన రాతిపలకను చిత్రకళకు ఆధారంగా తీసుకోవచ్చా అన్నది చర్చనీయాంశం. ఆస్ట్రేలియా ఖండపు తొలి నివాసులు సాంకేతికంగా వెనుకబడినవారన్న పాత అభిప్రాయం నిలబడదని మాత్రం ఈ వస్తువులు సందేహానికి తావులేకుండా చూపుతున్నాయి.

జండమర్రా, బునుబా ప్రతిఘటన

1879లో అలెగ్జాండర్ ఫారెస్ట్ అనే సర్వేయరు కింబర్లీ మీదుగా ప్రయాణించి ఇక్కడి పచ్చిక భూములను పొగుడుతూ నివేదిక ఇచ్చాక, 1880ల్లో గొర్రెలు, పశువుల మందలతో వలసదారులు లెనార్డ్ నది పొడవునా స్థిరపడటం మొదలైంది. మందలు నీటి మడుగులను ఆక్రమించి వేట జంతువులను తరిమివేయగా, బునుబా ప్రజలు మందల్లోని పశువులను ఈటెలతో చంపారు. పోలీసులు వారిని పట్టుకుని మెడలకు గొలుసులు వేసి, వరుసగా నడిపించి డెర్బీకి తరలించేవారు.

సుమారు 1873లో పుట్టిన జండమర్రా చిన్నతనంలోనే పశువుల క్షేత్రంలో పనికి కుదిరి గుర్రపు స్వారీ, తుపాకి పేల్చడం, ఇంగ్లీషు నేర్చుకున్నాడు. తర్వాత విలియం రిచర్డ్‌సన్ అనే పోలీసుకు జాడ పట్టే సహాయకుడిగా పనిచేస్తూ తన వారినే పట్టి ఇచ్చాడు. 1894 అక్టోబరు 31 రాత్రి, గండికి కొద్ది దూరంలోని లిల్లిమూలూరా ఠాణాలో, గొలుసులతో బంధించి ఉన్న బంధువుల మాట అతడి మనసు మార్చింది. అతడు రిచర్డ్‌సన్‌ను కాల్చి చంపి, బందీలను విడిపించి, తుపాకులతో కొండల్లోకి వెళ్లాడు. నవంబరు మొదట్లో గండి దగ్గర పశువులు తోలుకొస్తున్న బృందంపై దాడి చేసి, ఇద్దరిని చంపి, ఆయుధాలు, మందుగుండు సేకరించాడు. నవంబరు 16న సుమారు 30 మంది సాయుధ పోలీసులు, వలసదారులు గండిని ముట్టడించారు. బునుబా యోధులు గోడల్లోని గుహల నుంచి పోరాడారు. జండమర్రా తీవ్రంగా గాయపడినా రాతి నెర్రెల గుండా తప్పించుకున్నాడు. ఆదివాసులు వలసదారులపై తుపాకులతో వ్యూహబద్ధంగా పోరాడిన తొలి ఘట్టాల్లో ఇది ఒకటి. ఆ తర్వాత ప్రతీకార దాడుల్లో, ఈ పోరాటంతో సంబంధం లేని ఆదివాసులు కూడా అనేకమంది ప్రాణాలు కోల్పోయారు.

మరో రెండేళ్లకు పైగా జండమర్రా పోలీసులకు చిక్కలేదు. గండికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, కొండను అడుగు నుంచి తొలుచుకుంటూ పారే దిమలుర్రు (టన్నెల్ క్రీక్) సొరంగం అతడికి ముఖ్యమైన రహస్య స్థావరం. మొత్తం 750 మీటర్ల పొడవున్న ఆ సొరంగానికి రెండు కొసలే కాక, మధ్యలో పైకప్పు కూలిన చోట మరో తెరపి కూడా ఉంది. అతడు అసాధారణ శక్తులు గల మనిషి అని, అటువంటి శక్తి గలవాడే అతడిని చంపగలడని బునుబా ప్రజలు నమ్మారు. 1897 ఏప్రిల్ 1న దిమలుర్రు దగ్గర, పోలీసుల తరఫున వచ్చిన మికీ అనే మరో ప్రాంతపు ఆదివాసీ అతడిని కాల్చి చంపాడు. అప్పటి పత్రికలు జండమర్రాను బందిపోటుగా రాశాయి. బునుబా ప్రజల మౌఖిక చరిత్ర అతడిని తమ భూమిని కాపాడిన నాయకుడిగా నిలుపుకొంది. హోవర్డ్ పెడర్సన్, బునుబా పెద్ద బాంజో వూరున్‌ముర్రా కలిసి 1995లో ప్రచురించిన గ్రంథం పోలీసు దస్తావేజులను, మౌఖిక చరిత్రను పక్కపక్కన పెట్టి చూసింది. ఒక పక్షపు కాగితాలనే చరిత్రగా చదివే అలవాటుకు అది గట్టి సవరణ. లిల్లిమూలూరా రాతి కట్టడపు శిథిలాలు ఇప్పటికీ దారి పక్కన నిలిచి ఉన్నాయి.

రక్షణ, నిర్వహణ, సందర్శన

ఈ ప్రాంతాన్ని 1971లో జాతీయోద్యానంగా ప్రకటించారు. 2011లో పశ్చిమ కింబర్లీని ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. 2012లో ఫెడరల్ కోర్టు బునుబా ప్రజల నేటివ్ టైటిల్‌ను, అంటే వలసకు ముందు నుంచి సంప్రదాయ చట్టం ప్రకారం భూమి మీద ఉన్న హక్కును, గుర్తించింది. బునుబా రేంజర్లు మంటల నియంత్రణ, కలుపు మొక్కల తొలగింపు, వన్యప్రాణుల లెక్కింపు వంటి పనులు చేస్తున్నారు.

సందర్శనకు మే నుంచి సెప్టెంబరు వరకు ఉన్న కాలం అనుకూలం. అక్టోబరు నుంచి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. గండిలో తాగునీరు దొరకదు కాబట్టి వెంట తీసుకెళ్లాలి, నడక ఉదయాన్నే మొదలుపెట్టాలి. ఈత కొట్టడం, మొసళ్లకు దగ్గరగా వెళ్లడం, శిలాజాలను పెకిలించడం, రాతిచిత్రాలను తాకడం తగవు. దారి నుంచి పక్కకు తొలగి గుహల్లోకి వెళ్లడం బునుబా నియమాలను మీరడమే అవుతుంది. వానకాలంలో ఉద్యానం మూసి ఉంటుంది. నది తగ్గి, రోడ్డు ఆరి, సిబ్బంది దారిని పరిశీలించిన తర్వాతే తిరిగి తెరుస్తారు. ఆ తేదీ ఏటా మారుతుంది కాబట్టి బయలుదేరే ముందు విచారించుకోవాలి.